మా వాడు చిన్నగా ఉన్నాడు, హాకీ మానిపించాలా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఖమ్మం. పదకొండేళ్ళుగా కెనడాలోని మిస్సిసాగాలో ఉంటున్నాం. మా బాబుకి మొన్న నవంబరుకి పదమూడు నిండాయి. ఆరేళ్ళప్పటి నుంచి ఐస్ హాకీ ఆడుతున్నాడు, రైట్ వింగ్. టీమ్‌లో అందరికన్నా చిన్నవాడు: 4 అడుగుల 9 అంగుళాలు, 37 కిలోలు. ఈ సీజన్ నుంచే బాడీ చెక్‌లు (ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం) మొదలయ్యాయి. కోచ్ ‘చేతుల్లో పనితనం ఉంది, సైజే లేదు’ అన్నాడు. అప్పట్నుంచి మా ఆయన ప్రోటీన్ డబ్బాలు తెస్తున్నారు, బేస్‌మెంట్‌లో బరువులు ఎత్తిస్తున్నారు. మా బావగారేమో ‘మనవాళ్ళ ఒంటికి సరిపడే ఆట కాదది, బాడ్మింటన్‌లో వెయ్యండి’ అంటారు. పోయిన శనివారం మ్యాచ్‌లో వాడు రింకు చుట్టూ ఉండే బోర్డులకి గట్టిగా కొట్టుకున్నాడు. తల నొప్పిగా ఉందని రెండు రోజుల దాకా చెప్పలేదు. ఎందుకు దాచావురా అంటే ‘చిన్నోణ్ణి కదమ్మా, టఫ్‌గా కూడా లేకపోతే తీసేస్తారు’ అన్నాడు. ఇక్కడి అతి పెద్ద ప్రొఫెషనల్ లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో, ముందు వరసలో ఫార్వర్డ్‌గా ఆడాలని వాడి కల. ఒడ్డూ పొడుగూ లేనివాడికి గట్టితనం ఒక్కటి ఉంటే సరిపోతుందా? లేక ఇప్పుడే మానిపించెయ్యాలా?
— ఒక తల్లి, మిస్సిసాగా

జవాబు:

చెల్లెమ్మా, మీ ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది. నాకు భయం వేసిన మాట దానికి ముందే ఉంది. కాబట్టి ముందు తలనొప్పి సంగతి చూద్దాం, ఎన్‌హెచ్‌ఎల్ కాస్త ఆగుతుంది.

ఇది చదివేసరికి బాబుని డాక్టరుకి చూపించి ఉండకపోతే, ఇవాళే చూపించండి. డాక్టరు సరేననే దాకా ప్రాక్టీసు లేదు, స్కూల్లో జిమ్ క్లాసు లేదు, వీధిలో పిల్లలతో బాల్ హాకీ కూడా లేదు. వాంతులైనా, తలనొప్పి ఎక్కువవుతున్నా, మాట తడబడినా, మగతగా ఉండి లేపితే సరిగ్గా లేవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. మామూలుగానే ఉన్నాడంటే ముందు చదువు, తేలికపాటి నడక, ఆ తర్వాత ఒక్కడే స్కేటింగ్, ఆఖరున ఒళ్ళు తగిలే ఆట. ఈ వరసలో మెట్టు మెట్టుగా వెనక్కి పంపిస్తారు. ఏ మెట్టు మీదైనా నొప్పి తిరగబెట్టిందా, అక్కడే ఆగాలి.

మీరుండే ఒంటారియోలో దీనికొక చట్టం ఉంది, రోవన్స్ లా అంటారు. ప్రతి ఏడాదీ రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు ‘చదివాము’ అని టిక్ పెట్టి వచ్చేస్తామే, ఆ కాగితాల వెనకున్న చట్టమే అది. రోవన్ స్ట్రింగర్ ఒటావా అమ్మాయి, పదిహేడేళ్ళు, రగ్బీ ఆడేది. 2013 మే నెలలో కొద్ది రోజుల వ్యవధిలో తలకి ఒకదాని మీద ఒకటి దెబ్బలు తగిలాయి. మొదటి దెబ్బ నుంచి మెదడు కోలుకోకముందే మళ్ళీ దెబ్బ తగలడంతో ఆ పిల్ల చనిపోయింది. ఐదేళ్ళ తర్వాత, 2018లో, ఆమె పేరుతో ఈ చట్టం వచ్చింది. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, ఆటగాణ్ణి వెంటనే బయటికి తియ్యాలి. వైద్యుల అనుమతి లేకుండా మళ్ళీ దింపకూడదు. ఈ చట్టం కోసం గొంతు కలిపినవాళ్ళలో ఒక పేరు గుర్తుపెట్టుకోండి: ఎరిక్ లిండ్రోస్. కాసేపట్లో ఆయన దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇదంతా పుస్తకాలు చదివి చెప్పడం లేదు. మా ఇద్దరు మగపిల్లల వెంట పద్నాలుగు చలికాలాలు రింకుల్లో గడిపాను. అందులో ఆరు సీజన్లు టీమ్ ట్రైనర్‌గా, ఫస్ట్ ఎయిడ్ సంచి భుజాన వేసుకుని బెంచీ వెనక నిలబడ్డాను. అంతకు ముందు, మా పెద్దాడికి పద్నాలుగేళ్ళప్పుడు, ఒక మ్యాచ్‌లో దెబ్బ తిని లేచి, మూడో పీరియడ్ అంతా ఆడి, గోల్ కూడా కొట్టి వచ్చాడు. కారులో నేను ‘నా బంగారు కొండ, ఎంత గట్టివాడివిరా’ అన్నాను. మూడు వారాల తర్వాత వాడు లెక్కల పుస్తకం ముందు కూర్చుని, అంకెలు కదులుతున్నాయమ్మా అని ఏడ్చాడు. తేరుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రోజు కారులో నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీ వాడు మీతో అన్న మాటకీ దానికీ తేడా లేదు. వాడి మాట వాడికి ఎక్కడో ఒకచోట పెద్దవాళ్ళే నేర్పి ఉంటారు.

ఇక సైజు సంగతి. మీకు నిజమే చెప్తాను, ఊరడింపు కోసం చెప్పను.

ఎన్‌హెచ్‌ఎల్‌లో సగటు ఆటగాడు దాదాపు 6 అడుగుల 1 అంగుళం ఉంటాడు, బరువు దగ్గర దగ్గర 90 కిలోలు. 32 జట్లు, మ్యాచ్‌కి ఒక్కో జట్టులో మామూలుగా పన్నెండు మంది ఫార్వర్డ్‌లు బరిలోకి దిగుతారు. అంటే అన్ని జట్లూ ఆడే రాత్రి ప్రపంచం మొత్తమ్మీద ఆ లీగులో 384 చోట్లు. మన పిల్లలే కాదు, ఆరున్నర అడుగుల పిల్లలు కూడా ఆ 384 బయటే ఉండిపోతారు. సైజుకి విలువ లేదని ఎవరైనా అంటే నమ్మకండి. పొడుగు చేతులకి పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) దూరం నుంచి అందుతుంది. బరువున్నవాణ్ణి గోల్ ముందు నుంచి నెట్టెయ్యడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాడికి రెండో అవకాశం దొరుకుతుంది. రెండేళ్ళు సరిగ్గా ఆడకపోయినా ‘ఇంకా ఒళ్ళు అలవాటు పడలేదు, ఆగుదాం’ అంటారు. చిన్నవాడు రెండు నెలలు తడబడితే ‘చెప్పాం కదా, సైజు లేదని’ అంటారు. ఇది అన్యాయమే. ఉన్నది ఇదే.

కోల్ కాఫీల్డ్‌ని చూడండి. 2018–19లో అమెరికా అండర్-18 జట్టుకి 64 మ్యాచ్‌ల్లో 72 గోల్స్ కొట్టాడు. ఆ లెక్కన 2019 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళ పేర్లు పిలిచి ఎంచుకునే పద్ధతి) మొదటి అయిదుగురిలో ఉండాల్సినవాడు. పదిహేనో పేరుగా పిలిచారు, మాంట్రియల్ తీసుకుంది. మిగతా పద్నాలుగు పిలుపులు ఎందుకు దాటిపోయాయో అందరికీ తెలుసు: అతను 5 అడుగుల 8 అంగుళాల లోపే ఉంటాడు. ఆ తర్వాత అదే మాంట్రియల్‌కి గోల్స్ కొట్టి చూపించాడు. చిత్రం ఏంటంటే అక్కడ అతనికి కోచ్‌గా దొరికింది మార్టిన్ సెయింట్ లూయీ. మీ బాబు ఎవరి కథైనా గోడకి అంటించుకోవాలంటే, అది ఈయనదే.

సెయింట్ లూయీ క్యుబెక్‌లో లవాల్ ఊరివాడు, 5 అడుగుల 8 అంగుళాలు. అమెరికాలో వర్మాంట్ యూనివర్సిటీలో నాలుగేళ్ళు గోల్స్ వర్షం కురిపించినా ఏ డ్రాఫ్టులోనూ ఎవరూ పేరు పిలవలేదు. కాల్గరీ జట్టు ఒప్పందం రాసి, కిందిస్థాయి జట్టులో ఆడించి, పైకి తెచ్చి 69 మ్యాచ్‌లు ఆడించింది. అందులో కొట్టింది 4 గోల్స్. ఆఖరిదైన నాలుగో లైనులో, గుద్దడానికి ఐస్ మీదికి పంపే వంతుల్లో (షిఫ్టుల్లో) ఆడించారు. 2000లో వద్దని వదిలేశారు. టాంపా తీసుకుంది. 2003–04 సీజన్‌లో లీగ్ మొత్తమ్మీద ఎక్కువ పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన అసిస్ట్‌లు కలిపి) ఆయనవే, 94. అత్యుత్తమ ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ కూడా ఆయనకే. ఆ ఏడాది లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? కాల్గరీ. ఆరో మ్యాచ్ కాల్గరీ ఊళ్ళోనే, ఓడితే కథ ముగిసినట్టే. రెండో ఓవర్‌టైమ్ మొదలైన అర నిమిషానికి సెయింట్ లూయీ గోల్ కొట్టాడు. టాంపా ఏడో మ్యాచ్ గెలిచి కప్పు ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళ తర్వాత, 37 ఏళ్ళ వయసులో, మళ్ళీ లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేశాడు. ఆ వయసులో ఆ బహుమతి అందుకున్నవాళ్ళు ఆయనకి ముందు ఎవరూ లేరు.

కాల్గరీలో ఉన్నప్పుడూ ఆయన ఎత్తు అంతే, టాంపాలోనూ అంతే. పాత ఆటలు దొరికితే బాబుతో కలిసి చూడండి, ముఖ్యంగా ఆయన కాళ్ళు చూడండి. స్కేట్లు వెడల్పుగా వేసి, మోకాళ్ళు వంచి, నడుము కిందికి దించి తిరుగుతాడు. పెద్ద డిఫెన్స్‌మన్ మీదకి ఒరిగినా, ఒరిగేది ఆయన వీపు మీదే. పక్ మాత్రం అవతలి పక్కన, అందనంత దూరంలో ఉంటుంది. పొట్టివాడు అప్పటికే కిందే ఉంటాడు కాబట్టి, వాడి కాళ్ళలో బలం ఉంటే కుదపడం కష్టం. తొడల్లో బలం, స్కేట్ అంచు మీద పట్టు, ఎటు నుంచి వస్తున్నాడో ముందే చూసుకోవడం — ఈ మూడూ ఎత్తుకి సంబంధం లేనివి. సాధనకి లొంగేవి.

ఇది కొత్తగా పుట్టిన సంగతేం కాదు. ఆరేడు దశాబ్దాల కిందటే మాంట్రియల్‌కి ఆన్రీ రిషార్ అనే సెంటర్ ఉండేవాడు, 5 అడుగుల 7 అంగుళాలు, 73 కిలోల లోపు. ఆటగాడిగా 11 స్టాన్లీ కప్పులు గెలిచాడు. ఆ లెక్కని ఇంతవరకు ఏ ఆటగాడూ దాటలేదు. కాల్గరీకే థియో ఫ్లూరీ ఆడాడు, 5 అడుగుల 6 అంగుళాలు. 1987 డ్రాఫ్టులో 166వ పేరు. మొదటి సీజన్‌లోనే కప్పు గెలిచి, చివరికి వెయ్యి పాయింట్లు దాటించాడు. ఆ కాలంలో నెట్ ముందు స్టిక్‌లతో పట్టి లాగడం, చేత్తో ఆపడం రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. 2005 నుంచి వాటికి గట్టిగా విజిల్ వేస్తున్నారు, వేగంగా ఉన్నవాడికి దారి తెరుచుకుంది. కాబట్టి మీ వాడు, ఆ ఇద్దరి కాలంకన్నా చిన్నవాళ్ళకి ఎక్కువ అనుకూలమైన కాలంలో పుట్టాడు.

ఇప్పుడు లిండ్రోస్ దగ్గరికి వద్దాం. మీ ఆయనకి ఈ కథ తప్పకుండా చెప్పండి.

1991 డ్రాఫ్టులో మొదటి పేరు ఎరిక్ లిండ్రోస్‌ది. 6 అడుగుల 4 అంగుళాలు, ఒకప్పుడు 109 కిలోల దాకా బరువు. అంత పెద్ద ఒళ్ళు, అంత మెత్తని చేతులు, అంత మొరటు బలం ఒక్క మనిషిలో అంతకు ముందు చూడలేదని అన్నారు. 1995లో హార్ట్ ట్రోఫీ గెలిచాడు. ఒంటితో, గట్టితనంతో లీగునే వంచగలడు అనుకున్నారు. అలాంటి మనిషిని మెదడుకి తగిలిన దెబ్బలు వరుసగా కుంగదీశాయి. 2000 మే 26న, సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో, పక్ మీద చూపు పెట్టి తల వంచుకుని నీలి గీత దాటుతుంటే స్కాట్ స్టీవెన్స్ భుజంతో కొట్టాడు. అప్పటి నిబంధనల్లో దానికి పెనాల్టీ కూడా లేదు. స్టీవెన్స్ లిండ్రోస్‌కన్నా పొట్టివాడు, బరువులోనూ తక్కువే. ఆ తర్వాతి సీజన్ మొత్తం లిండ్రోస్ ఆడలేదు. ఆడటం మొదలుపెట్టినా పాత లిండ్రోస్ తిరిగి రాలేదు. ఆయన తమ్ముడు బ్రెట్, అన్నంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడే, ఇవే దెబ్బలతో ఇరవై ఏళ్ళకే ఆట మానేశాడు. ఆ ఇంట్లో ఒంటికి లోటేం లేదు కదా!

తలని గురి పెట్టి కొట్టే దెబ్బల మీద ఎన్‌హెచ్‌ఎల్ ప్రత్యేకంగా నిబంధన తెచ్చింది ఇంకో పదేళ్ళకి, 2010లో. లిండ్రోస్ మాత్రం రిటైరయ్యాక పిల్లల తలల గురించే మాట్లాడుతూ వచ్చాడు. మీ 37 కిలోల బాబుని కాపాడే చట్టం కోసం పోరాడినవాళ్ళలో 109 కిలోల ఆ మనిషి ఉన్నాడు.

అయితే మరి గట్టితనం అంటే ఏమిటి? మీ బాబు అడగాల్సిన ప్రశ్న అది. టీవీలో చూపించే గట్టితనం వేరుగా ఉంటుంది. 2013లో బోస్టన్ ఫార్వర్డ్ గ్రెగరీ కాంప్‌బెల్ పక్‌కి కాలు అడ్డం పెట్టి ఎముక విరిగినా, జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతోందని, ఆ విరిగిన కాలితోనే దాదాపు నిమిషం సేపు ఐస్ మీద నిలబడ్డాడు. అదే జట్టు, అదే ఏడాది, ఫైనల్ ఆఖరి మ్యాచ్‌లో పాట్రీస్ బెర్జెరాన్ విరిగిన పక్కటెముకతో, జారిన భుజంతో ఆడాడు. ఊపిరితిత్తికి కూడా చిల్లు పడిందని మ్యాచ్ తర్వాత తేలింది. మీ ఆయన ఇలాంటి వీడియోలు చూపించి ‘చూడరా, గట్టివాడంటే వీడు’ అనే ఉంటారు. మా ఇంట్లోనూ చూపించాం.

ఆ బెర్జెరాన్ కథలో ఎవరూ చూపించని సగం ఒకటి ఉంది. 2007 అక్టోబరులో వెనక నుంచి తోస్తే బోర్డులకి కొట్టుకుని మెదడుకి తీవ్రమైన దెబ్బ తగిలింది. ఆ సీజన్‌లో పది మ్యాచ్‌లకన్నా ఎక్కువ ఆడలేదు, మిగతాదంతా కూర్చున్నాడు. పక్కటెముక విరిగినా ఆడిన మనిషి, తలకి తగిలితే ఏడాది ఆగాడు. సిడ్నీ క్రాస్బీ కూడా అంతే. 2011 జనవరిలో ఐదు రోజుల్లో రెండు దెబ్బలు. నవంబరు దాకా ఆడలేదు. తిరిగి వచ్చిన రాత్రే రెండు గోల్స్, రెండు అసిస్ట్‌లు. రెండు వారాల్లోనే లక్షణాలు మళ్ళీ కనిపిస్తే మళ్ళీ చెప్పాడు, మళ్ళీ కూర్చున్నాడు, మార్చి దాకా. అప్పటికి ప్రపంచంలో అతన్ని మించిన ఆటగాడు లేడు. అలాంటివాడు ‘నా తల బాగాలేదు’ అని అందరి ముందూ ఒప్పుకుని కూర్చున్నాడు. మీ వాడికి ఈ సంగతి చెప్పండి. వాడి వయసు పిల్లాడికి అమ్మ మాటకన్నా క్రాస్బీ చేసిన పని బాగా ఎక్కుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, కట్టు కడతారు. మెదడు సంగతి బయటికి తెలిసేది వాడు నోరు విప్పితేనే.

నేను బెంచీ వెనక నుంచి చూసిన గట్టితనం గురించి చెప్తాను. మా రెండోవాడి టీమ్‌లో ఒక పిల్లాడుండేవాడు, మీ బాబంత. పక్ బోర్డు వెంట మూలకి జారుతోంది. వెనక నుంచి తనకన్నా తల ఎత్తున్న పిల్లాడు వస్తున్నాడు. మా టీమ్ పిల్లాడు పక్ అందేలోపు రెండుసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడు, ఒకసారి కుడి, ఒకసారి ఎడమ. బోర్డుకి మూడు నాలుగు అడుగుల దూరంలో తటపటాయించలేదు. అసలు ప్రమాదం ఆ దూరంలోనే ఉంది, అక్కడ తోస్తే తల ముందుగా వెళ్ళి బోర్డుకి తగులుతుంది. నేరుగా బోర్డు దాకా వెళ్ళి, ఒళ్ళు బోర్డుకి పక్కవాటుగా ఆనించి, గడ్డం పైకెత్తి, మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. పెద్దవాడు వచ్చి గుద్దాడు. బోర్డులు దడదడలాడాయి. గుద్దు భుజం నుంచి తుంటి దాకా పరుచుకుని బోర్డు మీదికి వెళ్ళిపోయింది. వాడు ఆ ఊపుతోనే దొర్లినట్టు తిరిగి, స్కేట్ల మధ్య నుంచి పక్ లాక్కుని బయటపడ్డాడు. బెంచీకి వచ్చి కూర్చుంటే చేతులు వణుకుతున్నాయి. భయమేసిందారా అంటే ‘ఆఁ ఆంటీ’ అన్నాడు. తర్వాతి షిఫ్టులో మళ్ళీ అదే మూలకి మొదట వెళ్ళింది వాడే. ప్రొఫెషనల్ హాకీలో స్కౌట్లు చిన్న ఫార్వర్డ్‌లో వెతికేది ఇదే. ఎంత బలంగా గుద్దగలడని ఎవరూ చూడరు. గుద్దు తిన్న చోటికి మళ్ళీ వెళ్తాడా, వెళ్ళి పక్‌తో బయటికి వస్తాడా అని చూస్తారు.

చిన్నవాళ్ళు పడే ఇంకో గొయ్యి కూడా ఉంది. సైజు లేని లోటు మొరటుతనంతో పూడ్చుకోవాలని చూస్తారు. బ్రాడ్ మార్షాండ్ 5 అడుగుల 9 అంగుళాలు, రెండుసార్లు కప్పు గెలిచాడు, గొప్ప ఆటగాడు. సస్పెన్షన్లు కూడా ఒకటీ రెండూ కావు. బాబు అతని పట్టుదల నేర్చుకుంటే మంచిదే, మోకాళ్ళ మీదికి వెళ్ళే అలవాటు మాత్రం వద్దు.

ఇప్పుడు మీ ఇంట్లో ఏం చెయ్యాలి?

ప్రోటీన్ డబ్బాలు పక్కన పెట్టండి. పదమూడేళ్ళ పిల్లాడికి గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్ చాలు. ప్రాక్టీసు నుంచి వస్తూనే కడుపునిండా అన్నం, తొమ్మిది గంటల నిద్ర. ఒళ్ళు ఎదిగేది నిద్రలోనే. బరువులు తప్పని కాదు, నేర్పేవాళ్ళు పక్కనుండి సరైన పద్ధతిలో, తేలిక బరువులతో చేయిస్తే ఈ వయసులో మంచిదే. బేస్‌మెంట్‌లో యూట్యూబ్ చూసి ఛాతీ పెంచడం మాత్రం వద్దు. ఛాతీతో హాకీ ఆడరు. ఒంటికాలి మీద కూర్చుని లేవడం, గెంతడం, స్కేట్ అంచు మీద తిరగడం, అలాంటివి కావాలి. ఆ డబ్బాల డబ్బులు పెట్టి, బాడీ కాంటాక్ట్ నేర్పే క్లినిక్ ఒకటి వెతకండి. గుద్దడం కన్నా ముందు గుద్దు తినడం నేర్పేది అయి ఉండాలి. అండర్-13, అంతకన్నా కింది వయసుల్లో బాడీ చెక్‌లని హాకీ కెనడా 2013లో ఆపేసింది. పదకొండు పన్నెండేళ్ళ పిల్లల్లో, చెక్‌లు ఉన్న అల్బర్టాలో దెబ్బలు, చెక్‌లు లేని క్యుబెక్‌లోకన్నా మూడు రెట్లు ఎక్కువని అంతకు ముందే ఒక పెద్ద పరిశోధన చూపించింది. మంచి నిర్ణయమే. కానీ దానివల్ల మీ వాడిలాంటి పిల్లలు పదమూడేళ్ళకి ఒక్కసారిగా గుద్దులాటలో పడతారు. ముందు ఏళ్ళలోనే నేర్పాల్సింది, చాలాచోట్ల నేర్పరు. నేర్పించమని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

తర్వాత నవంబరు సంగతి. మీరు ఆ మాట ఊరికే రాశారు, నాకు అదే చాలా పెద్ద మాటగా కనిపించింది. ఇక్కడ వయసు గుంపులు జనవరి 1 నుంచి డిసెంబరు 31కి కడతారు. మీ బాబు పక్కన ఆడే జనవరి పిల్లాడు పది నెలలు పెద్ద. పదమూడేళ్ళప్పుడు పది నెలలంటే గొంతు మారినవాడికీ మారనివాడికీ ఉన్న తేడా. కెనడా హాకీలో పై స్థాయి జట్ల నిండా ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువ ఉన్నారని 1980ల్లోనే లెక్కలు తీసి చూపించారు. కాబట్టి ‘సైజు లేదు’ అన్న కోచ్ మాటలో కొంత భాగం మీ వాడి గురించి, కొంత భాగం క్యాలెండర్ గురించి. పిల్లల డాక్టరు దగ్గర ఎదుగుదల చార్టు ఉంటుంది. అడిగి చూడండి, వాడు తన గీత మీద తను ఎదుగుతున్నాడా లేదా అని. ఆలస్యంగా ఎదిగే పిల్లాడైతే పదహారు దాటాక కూడా సాగుతాడు. సాగకపోతే సెయింట్ లూయీ ఉన్నాడు.

మీ బావగారికి ఏం చెప్పాలో కూడా రాస్తాను. ‘మనవాళ్ళ ఒంటికి సరిపడే ఆట కాదు’ అన్నారు. బ్రిటిష్ కొలంబియాలో పుట్టిన పంజాబీ బిడ్డ రాబిన్ బావా 1989లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. 6 అడుగుల 2 అంగుళాల వింగర్, గుద్దులాటకే పేరు. అదే రాష్ట్రంలోని సర్రే నుంచి వచ్చిన జుజార్ ఖైరా అంతకన్నా ఎత్తు. అదే సర్రేకి చెందిన అర్ష్‌దీప్ బెయిన్స్‌ని ఏ డ్రాఫ్టులోనూ ఎవరూ పిలవలేదు. 2021–22లో కుర్రాళ్ళు ఆడే వెస్టర్న్ హాకీ లీగులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసి, వాంకూవర్ చేత ఒప్పందం రాయించుకుని, 2024లో ఎన్‌హెచ్‌ఎల్‌లో దిగాడు. తండ్రి వైపు మన దేశపు మూలాలున్న మానీ మల్హోత్రా 1998లో ఏడో పేరుగా వెళ్ళాడు. 2011 మార్చిలో పక్ తగిలి ఎడమ కంటి చూపు చాలావరకు పోయింది, జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్లో దిగాడు. వీళ్ళలో ఒళ్ళున్నవాళ్ళూ ఉన్నారు, ఎవరూ పిలవనివాళ్ళూ ఉన్నారు. తెలుగు పిల్లాడి పేరు కూడా ఆ వరసలో చేరాలని నాకెంత ఆశో మాటల్లో చెప్పలేను. అది మీ వాడే కానక్కర్లేదు. ఆ భారం వాడి మీద పెట్టకండి.

మానిపించాలా అని అడిగారు. వద్దు, మానిపించకండి. ఒక్క షరతు పెట్టండి, వాడితో కూర్చుని మాట తీసుకోండి: తలకి తగిలితే ఆ నిమిషంలోనే ట్రైనర్‌కో మీకో చెప్పాలి. చెప్పినందుకు టీమ్‌లోంచి తీసేస్తే, ఆ టీమ్ మనకొద్దు. ఈ రెండో వాక్యం మీ ఆయన నోటితో చెప్పించండి. తండ్రి చెప్తే వాడి గుండె మీద నుంచి బండ దిగినట్టుంటుంది. కోచ్‌ని కూడా ఒకసారి విడిగా కలిసి, బాబు దాచిన సంగతి, ఎందుకు దాచాడన్నదీ చెప్పండి. మంచి కోచ్ అయితే ఆ మాట విని నొచ్చుకుంటాడు, తనే పిల్లాడితో మాట్లాడతాడు. విసుక్కుంటే, వచ్చే సీజన్‌కి వేరే టీమ్ చూసుకోవాలని అర్థం.

ఎన్‌హెచ్‌ఎల్ కల వాడిదే, వాడి దగ్గరే ఉండనివ్వండి. అది మీ ఇంటి లెక్క కాకూడదు.

డాక్టరు సరేనన్నాక వాడు మళ్ళీ ఐస్ మీదికి వెళ్ళే రోజున, మీ ఆయన్ని కూడా తీసుకుని వెళ్ళి, మూల దగ్గర అద్దం పక్కన నిలబడండి. గోల్స్ లెక్కపెట్టకండి. పక్ కోసం మూలకి వెళ్ళిన ప్రతిసారీ, అందుకునే ముందు భుజం మీదుగా వెనక్కి చూశాడా లేదా, అది ఒక్కటి లెక్కపెట్టండి. పదిసార్లు వెళ్తే ఎన్నిసార్లు చూశాడో కాగితం మీద రాసుకోండి. మూడు వారాల తర్వాత మళ్ళీ రాసి, రెండు కాగితాలూ నాకు పంపండి.